చెవి వెనక జాజు

పొద్దు ఉదయగిరి కొండ వెనక్కి జారగానే సిద్ధయ్య గొర్రెలు వాటంతటవే దొడ్డికి చేరతాయి. వాటి వీపుల మీద అతని తల్లి పెంచలమ్మ వేలితో పెట్టిన ఎర్రజాజు మట్టి గుర్తు ఉంటుంది. ఆ గుర్తున్న ప్రాణి ఎక్కడ మేసినా మునిమాపుకి పెట్టినవాళ్ళ ఎదుట నిలబడాల్సిందే. తుడవడం మరిచి కొండాపురం సంతలో అమ్మిన పొట్టేలు కొన్నవాడి తాడుతో సహా తిరిగొచ్చింది. తుడిస్తే మాత్రం ఆ జీవానికి ఈ ఇల్లూ, ఇంట్లోవాళ్ళూ గుర్తుండరు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే.

ఆ సాయంత్రం గొర్రెల మధ్య సిద్ధయ్య కూతురు నిరోష కూడా నిలబడి ఉంది, చేతిలో హాస్టలు కంచంతో.

పొద్దున్నే ఆమెను ఆత్మకూరు హాస్టలు బడిలో దించి వచ్చాడు సిద్ధయ్య. ప్రవేశపరీక్ష రాసి తెచ్చుకున్న సీటు, పైన స్కాలర్‌షిప్పు.

"వరసలోనే ఉండాను నాయనా. మేడం నా పేరు పిలిచేసరికి ఇక్కడుండాను."

వార్డెన్ ఫోను చేసింది. "రేపు సాయంత్రం హాజరులో లేకపోతే సీటు వెయిటింగులో ఉన్న అమ్మాయికి పోతుంది. రూల్సు."

రూల్సు! చదువు హక్కు అని గోడల మీద రాస్తారు. ఆ హక్కునే జల్లెడ పట్టి, మిగిలిన ఒక్క గింజకు ప్రతిభ అని పేరు పెడతారు. ఆ గింజ మీద కూడా ఎవరి కళ్ళో ఉంటాయి. వెయిటింగులో ఉన్నది పెద్దరైతు రాజమోహన్ మనవరాలు.

ఆయన వెంటనే బండేసుకుని వచ్చాడు. "ఏంది సిద్ధయ్యా, బిడ్డకి హాస్టలు కూడు దిగలేదా?"

"అప్పుడే నీకెట్ట తెలిసినాదయ్యా?"

"వెయిటింగులో ఉండేవాళ్ళకి ఫోను రాదా ఏంది?" నవ్వి వెళ్ళిపోయాడు.

"వీడే ఏదో చేసినాడు," పళ్ళు కొరికాడు సిద్ధయ్య.

నిరోష జడ పక్కకి తీసి మెడ గోక్కుంది. చెవి వెనక ఎర్రటి చుక్క. సిద్ధయ్య తల్లి వైపు తిరిగాడు.

"నేనే పెట్టినాను," అంది పెంచలమ్మ. "ఊరికే కూడు పెట్టి, ఊరికే చదువు చెప్పేవాళ్ళని నా జన్మలో చూళ్ళేదురా. మన బిడ్డని వాళ్ళ మందలో కలుపుకుంటారని బయమేసినాది."

"ఊరికే కాదవ్వా. పరీక్ష రాసి గెలిచినాను."

తెల్లారి దుత్తలూరు బస్టాండులో పెంచలమ్మ కొంగు తడిపింది. చెయ్యి ముందుకు రాలేదు. నిరోష సంచిలోంచి జాజు ముద్ద తీసి, అవ్వ చెవి వెనక చుక్క పెట్టింది.

"ఇంక తుడువు."

బస్సు కదిలాక కిటికీలోంచి నిరోష వాళ్ళిద్దరినీ ఎవరినో చూసినట్టు చూసింది.

సాయంత్రం ఆత్మకూరులో హాజరు మొదలైంది.

"నిరోష?"

"ప్రెజెంట్ మేడం."

గేటు దగ్గర దుమ్ము లేచింది. కర్ర పట్టుకుని ఒక ముసలామె, ఆమె వెనక మంద మొత్తం. వార్డెన్ అనుమానంగా చూసింది.

"ఎవరీమె?"

నిరోషకు తెలియలేదు. దగ్గరికెళ్ళి చూసింది. చెవి వెనక ఎర్రచుక్క. దాని మీద తన వేలు పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

"నా మనిషే మేడం," అంది.