ముందుగా బయల్దేరిన సంచి

పొద్దున కాఫీ అయ్యాక మామగారికి పంచాంగం చదివి వినిపించడం రంగప్రియ పని.

ఒకప్పుడు సుదర్శనం గారే చదువుకునేవారు. చాలా ఏళ్లు గుడిలో కైంకర్యం చేసిన మనిషి. తలుపులు తీసే వేళకు ఆయన లేని రోజు లేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. వీధిలో ఎవరు ఊరికి పోతున్నా, ఎవరు కొత్త బండి కొన్నా "సామీ, ఈ పూట మంచిదేనా?" అని ఆయన్ను అడిగి కదిలేవాళ్లు. కుడి కన్ను పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఎడమ కంట్లో నీరు చేరి వాచింది. కిటికీ ఊచలు ఆయనకు వంకర్లు తిరిగి కనిపిస్తున్నాయి. "ఎవురబ్బా ఈ ఊచల్ని వంచింది?" అని మొదట్లో నవ్వేవారు. ఈ మధ్య నవ్వడం మానేశారు.

కంట్లో నెలనెలా సూది వేయించుకోవాలని డాక్టరు గిరిప్రసాద్ చెప్పాడు. ఆయన ఉండేది చెన్నైలో. నెలకొక శనివారం పొద్దున తిరుపతిలోనూ, ఆ మరునాడు సాయంత్రం చిత్తూరులోనూ చూస్తాడు. "పోయిన చూపు నేను తేలేను స్వామీ. ఉన్నదాన్ని కాపాడగలను. అది కూడా మీరు టైముకొస్తేనే" అన్నాడు.

మొదటి నెల వెళ్లారు. రెండో నెల తప్పిపోయింది.

ఆ తప్పిపోయిన రోజును రంగప్రియ మనసులో చాలాసార్లు తిప్పి చూసుకుంది. మామగారు పొద్దున ఇంటి పెరుమాళ్లకు తిరువారాధన పూజ ముగించకుండా గడప దాటరు. ఆ శనివారం ఆరాధన తొందరగానే అయింది. చెప్పులేసుకోబోతూ "వర్జ్యం ఎప్పుడమ్మా?" అని అడిగారు. ఆమె క్యాలెండర్ చూసింది. వర్జ్యం అప్పటికే నడుస్తోంది. రాహుకాలమైతే వారాన్ని బట్టి అందరికీ నోటికి వచ్చేదే. వర్జ్యం అలా కాదు, రోజుకో వేళ. ఇంట్లో అది చదవగల కళ్లు ఆమెవే. ఒక్క మాట మార్చి చదివితే ఆటో కదిలిపోయేది. ఆమె ఉన్నదున్నట్టు చదివింది. ఆయన చెప్పులు విడిచి కూర్చున్నారు. వర్జ్యం పోయేసరికి తొమ్మిదైంది, రాహుకాలం వచ్చి పట్టుకుంది. పదిన్నర దాటాక బయల్దేరి ఆసుపత్రికి పోతే, పేరు రెండు మూడు సార్లు పిలిచి పక్కన పెట్టేశామని చెప్పారు.

"ఏ డాక్టరు చెప్పిన టైముకి ఉండినాడు? ఈయప్పకి మాత్రం మా మీద కోపం" అని సుదర్శనం గారు విసుక్కున్నారు.

"రేపు సాయంత్రం ఐదుకి చిత్తూరుకి రండి, అక్కడ వేయిస్తాం" అంది నర్సు నిస్సీ.

"ఆదివారం ఐదు అంటే నడి రాహుకాలం. కంట్లో సూది పొడిపించుకునేదానికి అదేనా వేళ? వచ్చే నెల సూద్దాం లే తల్లీ."

వచ్చే నెల వచ్చేసరికి ఊచలతో పాటు గడియారం ముల్లు కూడా వంగింది.

ఈసారి పది గంటలకు రమ్మన్నారు. ఆరాధన ముగిసేసరికి ఎంత లేదన్నా తొమ్మిది. కొంచెం ముందుగా కానివ్వకూడదా అని అత్తగారు పెరుందేవి అడిగితే, "పెరుమాళ్లనే తొందర పెట్టమంటావా?" అని నోరు మూయించారు. రంగప్రియ భర్త మాధవ్‌కు కొండ మీద డ్యూటీ. ఫోన్‌లో వాళ్ల నాయనతో గట్టిగా మాట్లాడాడు. "నీకు నమ్మకం లేకపోతే నీ కంటికి వేయించుకో పో" అని ఆయన ఫోన్ కోడలి చేతికి ఇచ్చేశారు.

అప్పుడు రంగప్రియకు బంగారుపాళ్యం దగ్గర వాళ్ల ఊరిలో అవ్వ అలివేలమ్మ చేసే పని గుర్తొచ్చింది. వేళ కాని వేళలో ఊరికి పోవాల్సి వస్తే, ముందు రోజే మంచి ఘడియ చూసి సంచి సర్ది పక్కింట్లో పెట్టి వచ్చేది. దాన్ని ప్రస్థానం అంటారు. సంచి గడప దాటితే మనిషి బయల్దేరినట్టే లెక్క. మరునాడు రాహుకాలంలో కదిలినా దోషం లేదు.

ఆమె మెల్లగా ఆ మాట చెబితే సుదర్శనం గారు తలెత్తారు. ముఖం విప్పారింది. "ఔను, శాస్త్రం ఉండాది. మా నాయన గూడా చేసేవాడు. నాకు తట్టనే లేదు సూడు."

"సంచిలో ఏం పెట్టేది?" పెరుందేవి అడిగింది.

"ఏ పని మీద పోతామో ఆ వస్తువే పెట్టాల అత్తా. ఊరికే పాత గుడ్డలు పెడితే ప్రస్థానం కాదని మా అవ్వ అనేది."

ఆ మాట ఎంత సంతోషంగా అందో ఆ తర్వాత చాలా రోజులు ఆమెకు గుర్తుండిపోయింది.

శుక్రవారం సాయంత్రం మందుల షాపు ఆదిమూలం సూది మందు తెచ్చిచ్చాడు. చెన్నై నుంచి థర్మాకోల్ డబ్బాలో ఐసు మధ్య వచ్చింది. "ఫ్రిజ్‌లో పెట్టు పాపా. పైన గడ్డ కట్టే అరలో కాదు, కింద. ఈ ఎండలకి బయట పెడితే మందు సచ్చిపోతాది, సూడు" అన్నాడు. రంగప్రియ డబ్బాను జాగ్రత్తగా కింది అరలో పెట్టింది. డాక్టరు చీటీలు, కంటి స్కానింగు కాగితాలు, ఒక తువ్వాలు సంచిలో సర్ది అత్తగారి చేతికిచ్చి, ఆరుతున్న బట్టలు తీయడానికి మేడ మీదికి వెళ్లింది.

ఎదురింటి జహీరున్నీసా వాకిలి మేడ మీది నుంచి కనిపిస్తూనే ఉంది. పెరుందేవి పసుపు రాసిన సంచిని రెండు చేతులా పట్టుకుని ఆమె గడప ఎక్కడమూ, ఆమె ఎదురొచ్చి అందుకోవడమూ రంగప్రియ చూసింది.

"మా ఇంట్లో దాచితే మీ రాహువు కనుక్కోలేడా అమ్మా?" అని జహీరున్నీసా నవ్వుతోంది.

"మీ ఇంటికి దోవ తెలీదులే వాడికి."

"అట్లయితే ఈ పూట నీ మొగుణ్ణి గూడా ఈడే పెట్టి పో. బిర్యానీ ముట్టడు గానీ, పెరుగన్నం పెడతా."

ఇద్దరూ నవ్వుకున్నారు. రంగప్రియకూ నవ్వొచ్చింది.

శనివారం ఆరాధన ముగిసింది. రాహుకాలం మొదలైంది. సుదర్శనం గారు ఎవరినీ ఏమీ అడగకుండా చెప్పులేసుకున్నారు. అది చూసి రంగప్రియకు గుండె తేలికపడింది. మందు డబ్బా తీసుకుందామని ఫ్రిజ్ తెరిచింది. కింది అరలో కరివేపాకు, పాల గిన్నె ఉన్నాయి. డబ్బా లేదు.

"అత్తా, మందు డబ్బా యాడ?"

"సంచిలో పెట్టినా కదమ్మే. నువ్వే చెప్తివి గదా, ఏ పని మీద పోతామో ఆ వస్తువే పెట్టాలని. సూది కోసం పోతా సూది ఇంట్లో పెట్టుకుంటే ఎట్లా?"

రంగప్రియ వీధి దాటి పరుగెత్తింది. సంచి జహీరున్నీసా పడకగదిలో బీరువా మీద ఉంది. డబ్బా మూత తీస్తే ఐసు పొట్లాలు నీళ్లయి మెత్తగా జారుతున్నాయి. మధ్యలో ఉన్న చిన్న అట్టపెట్టె చేతికి వెచ్చగా తగిలింది.

"పిల్లి ముట్టకుండా ఎత్తులో పెట్టినా" అంది జహీరున్నీసా. ఆమె ముఖంలో నవ్వు పోయింది. "ఏంది తల్లీ? అందులో ఫ్రిజ్ మందు ఉండాదా? ఒక్క మాట చెప్పింటే మా ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని గదా! ఐసు తీసుకో, ఉండు." చేతికందిన గడ్డలన్నీ తెచ్చి డబ్బాలో కుమ్మరించింది.

వీధిలో ఆటో హారన్ కొడుతోంది.

ఆటోలో పెరుందేవి కోడలి చెవి దగ్గరికి వంగింది. "ఆయనకి చెప్పొద్దు. ఇప్పుడు సల్లబడింది గదా. ఒక్క రాత్రికి ఏమైపోతాదిలే."

రంగప్రియ డబ్బా ఒళ్లో పెట్టుకుంది. ఐసు చల్లదనం చీరలోంచి తగులుతోంది. చల్లగానే ఉంది. ఎవరు మూత తీసినా చల్లగానే ఉంటుంది. ఈ మందు వేయకపోతే ఈ నెలా తప్పుతుంది. వేస్తే అది మందు పని చేస్తుందో, ఇంకేమైనా చేస్తుందో ఆమెకు తెలియదు. ఉన్నది ఒక్క కన్ను. అది ఆయన ముఖంలో, ఆమె పక్కనే, వీధిని చూడటానికి ప్రయత్నిస్తోంది.

"టైమెంతమ్మా?" అని అడిగారాయన. చెప్పింది. "సూస్తివా, ముందే పోతాండాం. ఈ పొద్దు ఆ డాక్టరే మనకోసం కాసుకోవాల" అని చాలా రోజుల తర్వాత నవ్వారు.

నిజంగానే ముందు చేరారు. నిస్సీ ఆయన కంట్లో చుక్కలు వేసి బల్ల మీద కూర్చోబెట్టింది. పావుగంట తర్వాత వచ్చి డబ్బా తీసుకుంటూ, అందరినీ అడిగే మాటే అడిగింది. "రాత్రంతా ఫ్రిజ్‌లోనే ఉండింది గదా?"

"ఫ్రిజ్‌లోనే ఉండింది తల్లీ" అంది పెరుందేవి వెంటనే. అంటూ కోడలి చెయ్యి పట్టుకుంది. గట్టిగా, గోళ్లు దిగేటట్టు.

నిస్సీ డబ్బా ఎత్తుకుని నాలుగడుగులు వేసింది.

"అక్కా" అంది రంగప్రియ. గొంతు ఆమెకే వినిపించలేదు. మళ్లీ పిలిచింది. "అక్కా, ఫ్రిజ్‌లో లేదు. నిన్న సాయంత్రం నుంచి బయటే ఉండాది. ఐసు ఈ పొద్దు పోసిందే."

నిస్సీ ఆగిపోయింది. సుదర్శనం గారు తల తిప్పారు. మందు చుక్కలతో నల్లగా విచ్చుకున్న కన్ను ఎవరి మీదా నిలవకుండా వెతికింది.

"బయట యాడ?" అన్నారు.

ఎవరూ చెప్పకముందే ఆయనకు అర్థమైంది.

డాక్టరు కేకలేయలేదు. కేకలేసినా బాగుండేదనిపించింది రంగప్రియకు. ఆయన కన్ను చూసి, కొత్త స్కానింగు పాతదాని పక్కన పెట్టి రెండింటినీ పోల్చి చూశాడు. "ఈ మందు నేను వేయను. పోయిన నెల వచ్చి ఉంటే ఇంత పెరిగేది కాదు. ఇందులో కొంత పోయింది, అది ఇక రాదు. మిగిలింది కావాలంటే ఇంకో నెల ఆగలేం. వెంటనే వేరే మందు తెప్పించండి. రేపు ఐదుకి చిత్తూరు రండి. ఐదంటే ఐదే" అన్నాడు.

ఐదు అన్నప్పుడు పెరుందేవి రాహుకాలమని అనబోయి ఆగిపోయింది.

ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు ఆటో లీలామహల్ సర్కిల్ దాటాక సుదర్శనం గారు "నువ్వు చెప్పకుండా ఉండింటే నాకు తెలిసేది గాదు" అన్నారు. పొగడ్తో నిందో ఆమెకు అంతుపట్టలేదు. ఆయనకు కూడా తెలిసినట్టు లేదు. ఇంటికొచ్చాక అత్తగారు వంటింట్లో కూర్చుని, "నువ్వు చెప్పబట్టే గదే నేను పెట్టింది" అని ఒకసారి, "నా చేతులు ఇరగా" అని ఒకసారి అంది. రెండిట్లోనూ నిజముందని రంగప్రియకు తెలుసు.

ఆదివారం పొద్దున కాఫీ అయ్యాక ఆమె క్యాలెండర్ దగ్గర నిలబడింది. సుదర్శనం గారు ఖాళీ గ్లాసు కింద పెట్టి, "ఈ పొద్దు చదవొద్దులేమ్మా" అన్నారు. ఆదిమూలం బస్సు పార్సిల్‌లో తెప్పించిన కొత్త డబ్బా పన్నెండుకు అందింది. అది యమగండం. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. జహీరున్నీసా తన ఫ్రిజ్‌లోని ఐసంతా గిన్నెలో తెచ్చి గుమ్మంలోనే ఇచ్చి వెళ్లింది. ఆరోజు ఏ పరాచికమూ ఆడలేదు.

చిత్తూరు బస్సులో దారిపొడుగునా డబ్బా పెరుందేవి ఒళ్లోనే ఉంది. మధ్య మధ్య మూత సందులో వేలు పెట్టి చూసి "సల్లగానే ఉండాది" అనేది, ఎవరూ అడగకుండానే. క్లినిక్‌కు నాలుగుకే చేరారు. నాలుగున్నరకు రాహుకాలం మొదలైంది. ఐదైంది. డాక్టరు రాలేదు. మొన్నటిదాకా అయితే సుదర్శనం గారు ఏదో ఒకటి అనేవారే. ఇప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా ఉన్న తలుపును రెప్ప వేయకుండా చూస్తున్నారు. రంగప్రియ సోడా షాపుకు పోయి ఐసు తెచ్చింది. కాసేపటికి మళ్లీ తెచ్చింది.

"ఆ తలుపు నిటారుగానే ఉండాదా అమ్మా?" అని అడిగారాయన.

"ఉండాది మామయ్యా."

"నాకు నడుమ కనపడలా." కోపంగా అనలేదు, సమాచారం చెప్పినట్టు చెప్పారు.

ఐదూ నలభైకి కారు వచ్చింది. దారిలో టైరు పోయిందట. మొదట సుదర్శనం గారి పేరే పిలిచారు. డాక్టరుతో పాటు కారులో వచ్చిన నిస్సీ డబ్బా కోసం చేతులు చాచింది. పెరుందేవి లేచి నిలబడింది గానీ డబ్బాను వదల్లేదు. గోడ మీది గడియారం కేసి ఒకసారి చూసింది. రాహుకాలం ఇంకా ఇరవై నిమిషాలుంది. మొగుడి కేసి చూసింది. ఆయన అప్పటికే గోడ తడుముకుంటూ లోపలి గది వైపు అడుగేశారు.

"ఫ్రిజ్‌లోనే ఉండింది గదా అమ్మా?" అంది నిస్సీ.

పెరుందేవి డబ్బాను ఆమె చేతుల్లో పెట్టింది. తడిసిన అరచేతులు కొంగుకు తుడుచుకుంది.

"నన్నడగొద్దు తల్లీ" అంది. "మా కోడల్ని అడుగు. ఆమె చెప్తాది."