కనక గుండెలో టిక్కు

మూడు రోజులుగా ఫల్గుణకి ఒళ్లెరగని నిద్ర పడుతోంది. పద్నాలుగు నెలల తర్వాత పట్టిన నిద్ర. వాడు దానికి సంబరపడ్డాడు, అదీ వాడి తెలివి.

పెళ్లాం కనకకి గుండెలో ఒక వాల్వు చెడిపోతే, విశాఖపట్నంలో దాన్ని తీసి లోహపుది పెట్టారు. అప్పట్నుంచి ఆమె రొమ్ములో గోడగడియారం ఉన్నట్టు ఒకటే టిక్కు టిక్కు. పక్కన కూచుంటే చాలు, వినపడేది. గూడెంలో పిల్లలు వరసకట్టి వచ్చి విని పోయేవారు. ఫల్గుణకి మాత్రం చెవుల్లో దూది కుక్కుకున్నా కునుకు పట్టేది కాదు.

"నీతో కాపురం సేత్తన్నానా, గడియారంతో సేత్తన్నానా?" అనేవాడు.

"అది ఆగితే తెలుస్తాది నీకు," అనేది కనక.

వానలకి ఘాట్ రోడ్డు తెగింది. నెలనెలా చేయించాల్సిన రక్తపరీక్ష రెండు నెలలు తప్పింది. మాత్రలు మాత్రం ఒక్కరోజూ మానలేదు. అవి రక్తాన్ని పల్చగా ఉంచుతాయని డాక్టరు గాయత్రి చెప్పిన మాట ఫల్గుణ తల్లి రత్నకి మింగుడు పడలేదు. రక్తం పల్చబడితే మనిషి ఎలా బతుకుతుంది? కోడలంటే ఆమెకి ప్రాణం. వానాకాలం కొండ మీద ఆకుకూరకి కొదవేముంది? మునగాకు, తోటకూర, అడవిలో కనపడిన చిగురల్లా కోసుకొచ్చి, "తినే గుంటా, రగతం పడతాది," అని పూటపూటా చోడి అంబలితో పెట్టేది. ఆకుకూర గురించి కూడా డాక్టరు ఏదో చెప్పింది. అప్పుడు ఫల్గుణ బస్సు వెళ్లిపోతుందేమోనని కిటికీలోంచి చూస్తున్నాడు.

నాలుగో రోజు పొద్దున, టిక్కు వినపడ్డం లేదని తెలిసి గూడెం పెద్ద సోంబరు వాకిట్లో కూచుని తేల్చేశాడు. "మిసను దాని మాంసంలో కలిసిపోనాదిరా. ఇంక సొంత గుండే. కోడిని కొయ్యి."

కోడిని పట్టుకుని పెరట్లోకి వచ్చిన ఫల్గుణకి, నీళ్లబిందె దింపి గోడకి ఆనుకున్న కనక కనిపించింది. పెదాలు నేరేడుపళ్లు తిన్నట్టు నల్లబడ్డాయి.

"ఏటయినాది?"

"నాలుగడుగులేస్తే ఊపిరందట్లేదు మావా. మూడు రోజుల్నుంచి."

తన నిద్రా మూడు రోజులే. కోడి చేతిలోంచి జారి పారిపోయింది. ఆమె రొమ్ముకి చెవి ఆనించాడు. ఎక్కడో గుడ్డ చుట్టి కొట్టినట్టు మెత్తగా ఉంది చప్పుడు. డాక్టరు మాట అప్పుడు గుర్తొచ్చింది: "చప్పుడుంటే భయపడకు. తగ్గితే ఆ రోజే తీసుకురా." వాడేమో హాయిగా నిద్రపోయాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

డోలీ కట్టి నలుగురు మోశారు, వెనకాలే రత్న. తెగిన రోడ్డు దాటి జీపెక్కేదాకా ఫల్గుణ కాలు ఒకచోట నిలవలేదు. ముందుకి పరిగెత్తి దారి చూస్తాడు, వెనక్కొచ్చి డోలీ ఆపించి చెవి పెడతాడు, మళ్లీ "బేగి, బేగి" అంటాడు.

"నువ్వడ్డం రాకపోతే బేగే పోదుము," అని మోస్తున్న పోలయ్య విసుక్కున్నాడు.

ఆస్పత్రిలో పరీక్ష చేసి, వాల్వు మీద రక్తం గడ్డకట్టి రేకు కదలడం లేదంది గాయత్రి. "కరిగించే మందు ఎక్కిస్తాం. ఒక్కోసారి ముక్క విడిపోయి మెదడుకి పోతుంది, చెయ్యో కాలో పడిపోవచ్చు. ఎక్కించకపోతే మనిషే దక్కదు." సంతకం పెట్టాడు ఫల్గుణ. కనక ఏం తింటోందని డాక్టరు అడిగితే రత్న గొప్పగా ఆకుకూరలన్నీ చెప్పుకొచ్చింది.

"తినొచ్చమ్మా, కానీ రోజూ ఒకే కొలతలో. ఎక్కువైతే మాత్ర పనిచెయ్యదు."

"నా సేత్తో నేనే పెట్టాను," అని రత్న నేలమీద కూలబడింది.

మర్నాటి సాయంత్రానికి టిక్కు తిరిగొచ్చింది. కనక కుడిచెయ్యి మాత్రం గిన్నె పట్టలేకపోయింది. కొన్నాళ్లకి కొంత రావచ్చన్నారు. ఇప్పుడు రత్న కూర పిడికిలితో కొలిచి వండి, తనే కోడలి నోటికి అందిస్తుంది.

ఫల్గుణ దూది అవతల పారేశాడు. చప్పుడు అలవాటైపోయింది కాబట్టి ఎప్పుడైనా కన్ను మూతపడుతుంది. పడగానే దిగ్గున లేచి ఆమె రొమ్ముకి చెవి ఆనిస్తాడు.

"ఆడతంది గాని, నిద్రపో మావా," అంటుంది కనక.

"పోను. నిద్ర పట్టిందంటేనే నాకు భయం," అంటాడు.