నాగరత్నమ్మ ఆగిపోయిన ఎండాకాలం

శివరాత్రి దాటితే నాగరత్నమ్మ కాళ్లు ఇంట్లో నిలవవు. కాపరానికొచ్చిన ఏటి నుంచి ప్రతి ఎండాకాలం మొగుడు కాటమరాజుతో కలిసి, గొర్రెల మంద తోలుకుని పుల్లలచెరువు నుంచి సాగర్ కాలువల కింది ఊళ్లకు నడిచిపోయేది. వరి కోసిన పొలాల్లో జీవాలను మేపుకుంటూ, మూడు రాళ్లు పెట్టి వండుకుంటూ, తొలకరికి తిరిగొచ్చేవాళ్లు. ఎండకు మొహం నల్లబడినా, కాళ్లు పగిలినా, ఏడాదిలో ఆమెకు ఊపిరాడేది ఆ నడకలోనే.

ఈసారి ఆమెను తోట కట్టేసింది.

పోయిన వానాకాలంలో వాళ్ల వీధి ఆడవాళ్లంతా కలిసి ఊరి బోరు పక్కనున్న బంజరును బాగుచేసుకున్నారు. తోటల ఆఫీసు మేడం వచ్చి, తక్కువ నీళ్లతో కూరగాయలెట్ల పండించాలో చెప్పిపోయింది. ఆమె చెప్పినట్టే మట్టికుండలు మెడదాకా పాతి, చుట్టూ విత్తనాలు పెట్టారు. కుండలో పోసిన నీళ్లు నెమ్మదిగా ఊరి వేళ్లకందేవి. మొదళ్లలో వేరుశనగ పొట్టు కప్పారు. ఎరువంతా నాగరత్నమ్మ దొడ్డిదే. వానలకు గోంగూర, బెండ కాసినాయి. చలికాలానికి చిక్కుడు పాదులు పందిరెక్కినాయి. అప్పుడే తగాదా మొదలైంది. వెనకింటి శ్రీశైలమ్మ తెల్లారకముందే బోరు నీళ్లు పడే తొట్టి దగ్గర పైపు తన సాళ్లకు తిప్పుకునేది. మిగిలినవాళ్లు నోళ్లు చేసుకుని, చివరికి వాల్వుకు తాళం వేసి, తాళంచెవి నాగరత్నమ్మ చేతిలో పెట్టినారు.

"నువ్వయితే ఎవరి పక్షం పోవు, అక్కా" అంది మల్లి. ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి అమ్ముకునే మనిషి ఆమె. ఆ రోజు నాగరత్నమ్మకు గర్వంగానే ఉంది.

శివరాత్రి పోయింది. కాటమరాజు గొంగళి, రాత్రిళ్లు మంద చుట్టూ కట్టే వలలు సర్దుకున్నాడు. తాళంచెవి ఎవరైనా తీసుకోండని నాగరత్నమ్మ వీధంతా అడిగింది. శ్రీశైలమ్మతో పడలేమని అందరూ తప్పుకున్నారు. "నాకియ్యి, నేను చూసుకుంటా" అన్నది శ్రీశైలమ్మ ఒక్కతే. ఆమెకియ్యడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఆఖరికి మల్లిని బతిమాలి ఒప్పించి, నాగరత్నమ్మ మంద వెంట బయలుదేరింది.

రెండో మజిలీలో ఉండగా ఫోన్ వచ్చింది. అవతల మల్లి ఏడుస్తా ఉంది. "శ్రీశైలమ్మ తాళంచెవి గుంజుకోని తొట్టంతా తన దోసపాదులకే వదిలింది, అక్కా. అడిగితే నన్ను రచ్చలో నిలబెట్టి తిట్టింది. కుండలన్నీ ఎండినాయి. నా తోటకూర పోతే ఈ ఎండల్లో నేనేం అమ్ముకోవాల?"

కాటమరాజు విన్నాడు. "పో, పోయి సర్దిచెప్పి రా. నేను మెల్లగా తోలుతుంటా. వినుకొండ దాటకముందే వచ్చి కలుసుకో."

నాగరత్నమ్మ ఆటో ఎక్కి వెనక్కి వచ్చింది. పోట్లాడి తాళంచెవి తీసుకుంది. మర్నాడు పోదామనుకుంది. మర్నాడు బోరు నీళ్లు తగ్గినాయి. ఎవరి కుండకెంత పొయ్యాలో ఆమే చెప్పాలన్నారు. ఆ తర్వాత మోటారు కాలింది. బాగుచేసేదాకా ట్యాంకరు నీళ్లు పంచాల్సి వచ్చింది. సగం సాళ్లు ఎండబెట్టి మిగతావి బతికించుకుందామంటే, నా సాలు ఎందుకు ఎండాలని ప్రతి ఒక్కరూ అడిగినారు. మంద వినుకొండ దాటిపోయింది.

పొద్దున్నే కుండలు నింపి వచ్చాక పగలంతా రేకుల కింద కూర్చునేది. వేడికి గోడ ముట్టుకుంటే కాలేది. బయటికి పోదామంటే తొట్టి దగ్గర ఎవరో ఒకరు గొడవకు సిద్ధం. ఎవరి మేకపిల్లో అరిస్తే దిగ్గున లేచి వాకిట్లోకి పోయేది.

ఒకనాడు తొట్టి దగ్గర మాటా మాటా పెరిగింది. శ్రీశైలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "అందరం నీ కాళ్లకు అడ్డం పడినట్టు మొహం పెడతావు. నిన్నెవరు ఉండమన్నారు, వదినా? పోరాదూ?" అంది.

నాగరత్నమ్మ చుట్టూ చూసింది. అక్కడున్నవాళ్లలో ఎవరూ ఆమెను ఉండమని బలవంతపెట్టలేదు. పొమ్మని తాళంచెవి అందుకున్నవాళ్లూ లేరు. ఆమె మల్లి కుండలో నీళ్లు పోసింది.

తొలకరి పడ్డాక మంద ఇల్లు చేరింది. గొర్రెలు బలిసినాయి, చాలా పిల్లలు పెట్టినాయి. నాగరత్నమ్మ తోటలో మిగిలిన బచ్చలి పప్పు వండి వడ్డించింది. కాటమరాజు ఇష్టంగా తిన్నాడు.

"గిద్దలూరు వైపు పిలగాడు ఒకడు దొరికినాడు. వంటా చేస్తాడు, జీవాలనూ మళ్లేస్తాడు. నువ్వు లేకపోతే ఎట్లా అనుకున్నా, బాగానే జరిగిపోయింది" అన్నాడు. పప్పు ఇంకొంచెం వేయించుకుని ప్రేమగా ఆమె వైపు చూశాడు. "ఇంక నీకెందుకే ఆ ఎండలో నడక. మోకాళ్లు అరగదీసుకున్నది చాలు. తోట ఉంది గదా, నీడపట్టున ఉండు."

ఆమె గంటె గిన్నెలో పెట్టేసింది. అతను తిట్టి ఉంటే ఎదురు చెప్పగలిగేది.

"వచ్చే ఏడు నేనొస్తా" అంది.

కాటమరాజు నవ్వాడు. "ఎట్లొస్తావు? ఇక్కడ వీళ్లు నిన్ను వదిలితే గదా."

"ఎట్లనో నాకు తెలీదు. వస్తా."

అతను చెయ్యి కడుక్కోను లేచాడు. బయట మల్లి పిలుస్తా ఉంది, నేల పదును ఆరకముందే గింజలు వేసుకుందాం రమ్మని. నాగరత్నమ్మ కంచం తీసి పక్కన పెట్టి, కొంగు దోపుకుని, గోంగూర విత్తనాలు తీసుకుని బయటికి నడిచింది.