వెనక మేస్త్రి

పాత కారు వెనక భాగం జాకీల మీద లేచి ఉంది. కింద వెల్లకిలా పడుకున్న మేస్త్రి, ఖాళీ చేసిన ఇరుసు పెట్టెలోకి కిరసనాయిలు గుడ్డ దూర్చి తుడుస్తున్నాడు. ఆ జిడ్డు చేత్తోనే మధ్యలో చెవి గోక్కున్నాడు. అందరూ ఆయన్ని వెనక మేస్త్రి అంటారు. వెనక ఇరుసు పని ఆయనది, ఇంజను పని బావమరిదిది. బానెట్ ఎత్తి చూసి భేష్ అనేవాళ్ళు అతనికే దొరుకుతారు. బండి కింద దూరి మెచ్చుకునే తీరిక ఎవరికుంటుంది? మేస్త్రికి ఆ బెంగ ఏనాడూ లేదు. ఇంజను ఎంత అరిచినా చివరికి చక్రం తిప్పేది తానేనని లోలోపల కాస్త గర్వం మాత్రం ఉంది.

బల్ల మీద పెద్ద పళ్ళచక్రం, దాన్ని తిప్పే చిన్న పళ్ళచక్రం ఉన్నాయి. రెంటి మధ్యా వెంట్రుకవాసి సందు ఉండాలి. ఎక్కువైతే టకటక కొట్టుకుంటాయి, తక్కువైతే బండి దారి పొడుగునా మూలుగుతుంది. కొలిచే పరికరం అలమారలో ఉన్నా ఆయన దాన్ని ముట్టుకోడు. ఎప్పుడూ వేలి కొసతోనే కొలత.

కొంతకాలంగా ఆ కొసలకు స్పర్శ తెలియడం లేదు. చొక్కా గుండీలు భార్య కంటపడకుండా అవస్థపడి పెట్టుకుంటున్నాడు. ఈ బండి మూలిగితే పని మానెయ్యాలని ఎవరికీ చెప్పకుండా నిశ్చయించుకున్నాడు. మానేస్తే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో మాత్రం తోచలేదు.

రెండు చక్రాలనూ బల్ల మీదే జత కూర్చాడు. వేళ్ళకు తెలియంది పెదవికైనా తెలుస్తుందని అటూ ఇటూ చూసి, వంగి, పెద్ద చక్రం పంటికి కింది పెదవి ఆనించాడు. చిన్న చక్రాన్ని మెల్లగా కదిపాడు. సన్నగా, సరిగ్గా ఆడింది.

"ముసలి బండికి ముద్దులు పెడుతున్నావని అక్కకి చెప్పనా బావా?"

వెనక బావమరిది నిలబడి ఉన్నాడు.

"పోరా, నీ ఇంజను పని చూసుకో," అన్నాడు మేస్త్రి. మొహం దాచుకోవడానికి అటు తిరిగి గబగబా బిగించేశాడు.

ఇరుసెక్కించాక బావమరిది బండెక్కి మొదటి గేరు వేశాడు. కారు నింపాదిగా వెనక్కి నడిచింది. రెండో గేరు వేస్తే ఇంకాస్త హుషారుగా వెనక్కే పోయి టైర్ల గుట్టను కూలగొట్టింది. ఆ కాలపు బండికి ఇరుసు పెట్టె రెండు వైపులా ఒకేలా ఉంటుంది. పెద్ద చక్రాన్ని ఎడమకు బదులు కుడివైపు పెట్టేశాడు మేస్త్రి, అందుకే టైర్లు ఎదురు తిరిగాయి.

"ముందుకు పోవడానికి రివర్స్ గేరొక్కటే మిగిలింది బావా. చాలంటావా?"

మేస్త్రి కడుపు పట్టుకుని నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటుంటే భయమేసింది. ఇలాంటి తప్పు ఆయన ఎన్నడూ చెయ్యలేదు.

మళ్ళీ అంతా విప్పాడు. ఈసారి దాచుకోకుండానే పెదవి ఆనించాడు. బావమరిది దగ్గరికొచ్చి దీపం పట్టుకున్నాడు.

పొద్దు వాలే వేళకు బండి రోడ్డెక్కింది. వెనక సీటు తీసేసి, సరిగ్గా ఇరుసు పైన ఉత్త రేకు మీద కూర్చున్నాడు మేస్త్రి. ఎత్తెక్కారు, దిగారు, వేగం పెంచారు, తగ్గించారు. రోడ్డును రాసుకునే టైర్ల చప్పుడు తప్ప కింద మరేమీ వినబడలేదు. ఒళ్ళంతా తేలికైంది. కడుపునిండా తిన్నవాడిలా కళ్ళు మూసుకున్నాడు.

షెడ్డుకి వచ్చాక చేతులు కడుక్కుంటూ అన్నాడు. "రేపటినుంచి రానురా. బండి మూలిగితే మానేద్దామనుకున్నా."

"మూలగలేదుగా?"

"అందుకే. మూలిగాక మానేస్తే ఎవరో తరిమేసినట్టుంటుంది."

బావమరిది తువ్వాలు ముందుకు చాచాడు. "వేళ్ళ సంగతి అక్క ఎప్పుడో చెప్పింది. నువ్వు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్న గుండీలు చూస్తే ఎవరికి తెలియదు బావా?"

మేస్త్రి చొక్కా వైపు చూసుకుని నవ్వాడు. తువ్వాలు అందుకుని తుడుచుకుని, ఇంకా వెలుగుండగానే ఇంటిదారి పట్టాడు.

మర్నాడు ఇంకో బండి వచ్చింది. బావమరిది మోకాళ్ళ మీద వంగి కిందికి చూశాడు. మేస్త్రి పరుచుకుని పడుకునే అట్ట అక్కడే ఉంది. చుట్టూ నల్లటి నూనె మరకలు, మధ్యలో తల, రెండు భుజాలు ఆనినంత మేర మాత్రం తెల్లగా.