పది కండెలకు ఒక దారం

"ఊడ్చేటప్పుడు నువ్వే కదిలించి ఉంటవ్, వదినా."

మరాఠీ ఊళ్లో తెలుగు నేతగాళ్ల వాడ అయిన భవాని పేట్‌లోని మా ఇంట్లో, మగ్గం పక్కన పెట్టిన రెండు చెక్కల ముందు కూర్చుని మా మరిది దత్తాత్రి అన్న మాట ఇది. అస్సాం భూకంపం గురించి పేపర్లో చదివినప్పటి నుంచి, నేల లోపలి రాళ్లు ఎలా జారతాయో చూపించే నమూనా ఒకటి కాలేజీ ప్రదర్శనలో పెట్టాలని అతని తపన. ఆలోచన అతనిది. మట్టి తొక్కింది నేను. చెక్కలు పక్కపక్కన చేర్చి మధ్య తడిమట్టి కూరింది, రెంటి మీదుగా ఎర్రదారాలు గంజితో అంటించింది కూడా నేనే. ఒక చెక్కకు సైకిల్ ట్యూబు కట్టి అతను లాగుతూ పోయాడు. చాలాసేపు కదల్లేదు. ఉన్నట్టుండి టక్కున జరిగింది, దారాలు తెగాయి. కొసల మధ్య దూరం కొలిచి రాసుకుని, ట్యూబును సాగినట్టే మగ్గం గుంజకు కట్టేసి, "బస్, అయిపోయింది. సాఫ్ చెయ్యి" అని చాయ్‌కి వెళ్లాడు.

అయిపోలేదు. కింద మట్టి ఊడుస్తూ చూస్తే కొసలు ఇంకా ఎడమవుతున్నాయి, కంటికి ఆననంత మెల్లగా. తిరిగొచ్చాక ఆ సంగతి చెబితే నాకు దొరికిన జవాబు ఆ చీపురు మాటే. మా అత్త రాజమ్మ పకపకా నవ్వింది: "దీని చీపురు తాకితే భూమి గూడ కదులుతదిరా!" మగ్గం మీద మా ఆయన కూడా నవ్వాడు. ఈ ఇంట్లో పప్పు మాడినా, పోగు తెగినా నా చెయ్యే. ఇప్పుడు భూకంపం కూడానా అని ఒళ్లు మండింది.

మర్నాడు అతను కొత్త దారాలతో మళ్లీ లాగి, కొలుచుకుని, ట్యూబును నిన్నటిలాగే గుంజకు కట్టి వెళ్లాడు. నేను ఊడవలేదు. "ఆ మూలకు ఎవ్వరు చెయ్యి పెట్టొద్దు అత్తా, నేను గూడ ముట్ట" అని రాట్నం ముందు కూర్చున్నాను. నాకు గడియారం లేదు, మగ్గానికి చుట్టాల్సిన నూలు కండెలున్నాయి. పది కండెలు చుట్టినప్పుడల్లా లేచి, కొసల మధ్య కొత్తగా పెరిగిన దూరమంత దారం తుంచి, పాత పంచాంగం కాగితం మీద వరసగా అంటించాను. మొదటిది చిటికెనవేలి కణుపంత. రెండోది అందులో సగం. పొద్దు వాలేసరికి నూకగింజంత. దూకడం అందరూ చూశారు. ఆ తర్వాత తగ్గుతూ తగ్గుతూ సాగిన జారుడు నేనొక్కదాన్నే చూశాను.

దత్తాత్రి కాగితం చూసి నోరు తెరిచాడు. "వదినా, ఇది గ్రాఫే! మా మాస్టరు ఖుష్ అయితడు. ఒక్కో దారానికి ఎంత టైమ్?"

"పది కండెలు."

"అరే, నిమిషాలల్ల చెప్పు!"

"కండెలు చుట్టెటోళ్లకు ఎరుక."

"ఆ కాగితం వానికి ఇచ్చెయ్యరాదే పిల్లా, నీకేం పని దాంతోని?" అంది అత్త.

అతను అప్పటికే దారాల కింద తన పేరు రాయడానికి పెన్ను తీశాడు. ఆ పెన్ను తీసుకుని, "చంద్రభాగ" అని రాశాను.

"తెలుగుల రాస్తే ఎట్ల? మా మాస్టరు మరాఠాయన, ఆయనకు తెలుగు రాదు!"

"అయితే నన్ను పిలిపించమను. నా పేరు నేనే చదివి, పది కండెలకు ఎన్ని నిమిషాలో గూడ అప్పుడే చెప్త."