జాంజిబార్ పైసా

సౌదీలోని హుఫూఫ్‌లో అబూ నాసర్ ఏసీ రిపేరు దుకాణం పొద్దున ఆరింటికే తెరుచుకునేది. నిచ్చెనలు, గ్యాసు బండలు బండికెక్కించాక ఫోర్‌మన్ నాగేందర్ ఒక రాగి పైసాను పనివాడు భోజన్న చేతిలో పెట్టేవాడు. ఖర్జూర తోటలో మోటారు గుంత తవ్వుతుంటే దొరికిన పైసా అది. జాంజిబార్ సుల్తాను తన రాజ్యానికి కొత్తగా సొంత డబ్బు కొట్టించినప్పటిది, హిజ్రీ 1299 అని ఉంది, ఒక వైపు తక్కెడ బొమ్మ. అది ఎవరి దగ్గరుంటే వాడు లెక్కలోకి రాడు. కనబడతాడు, మాట్లాడతాడు, ఎండలో చెమట కక్కుతాడు. తలలు లెక్కపెడితే మాత్రం ఒకటి తగ్గుతుంది.

పనివాళ్ళ సంఖ్యను బట్టి సౌదీలను పెట్టుకోవాలన్న నితాఖత్ చట్టం రోజులవి. పనివాళ్ళు తొమ్మిది మంది, వీసాలిచ్చిన యజమాని, కఫీల్ అబూ నాసర్‌తో కలిపి పది. పదయితే ఇంకో సౌదీని జీతమిచ్చి పెట్టుకోవాలి. తొమ్మిదయితే అబూ నాసర్ ఒక్కడి పేరు చాలు. ఇన్‌స్పెక్టర్ వచ్చి, వేలు చూపిస్తూ లెక్కపెట్టి, తొమ్మిదని రాసుకుని, భోజన్న చేతి చాయ్ తాగి వెళ్ళేవాడు.

పైసాను నెలకొకరు మోయాలన్నది ఒప్పందం. ఆరు నెలలుగా భోజన్నే మోస్తున్నాడు. మెస్సులో పళ్ళాలు ఎనిమిదే పెట్టేవారు, మిగిలితేనే అతనికి తిండి.

"గీ నెల సుత నేనేనా? సదానందానికియ్యరాదే," అన్నాడు భోజన్న.

"సదానందం మా మేనబావ. నీకెవరున్నరిక్కడ?" అన్నాడు నాగేందర్.

నాగేందర్‌దీ తన జగిత్యాలే. ఆ మాట పరాయివాడెవడైనా అని ఉంటే భోజన్నకు అంత కడుపు మండేది కాదు.

ఊరి నుంచి భార్య ఊర్మిల ఫోన్ చేసింది. కడుపులో గడ్డ, ఈ నెల దాటితే ఆపరేషన్ చెయ్యలేమన్నారట డాక్టర్లు. "నువ్వచ్చి నా పక్కన నిలబడితెనే బల్ల ఎక్కుత. లేకుంటే ఎక్క," అంది.

భోజన్న వెళ్ళి దేశం దాటే అనుమతి, ఎగ్జిట్ అడిగాడు. "ఎంతా మాఫీ మౌజూద్," అని నవ్వాడు అబూ నాసర్. నువ్వసలు లేవు, లేనివాడికి ఎగ్జిట్ ఏమిటని. పైసా పారేస్తే పారిపోయాడని హురూబ్ రాయిస్తాననీ బెదిరించాడు. హురూబ్ పడితే జైలే.

లాండ్రీ నుంచి కఫీల్ తొడిగే తెల్ల పొడుగంగీ, తోబ్ తేవడం, మాసినదాని జేబులోని పర్సు కొత్తదానిలోకి మార్చడం భోజన్న పనే. తనిఖీ రోజు పర్సులో గుర్తింపు కార్డు వెనక పైసాను దూర్చి ఇచ్చాడు. పాపమనిపించలేదు.

ఇన్‌స్పెక్టర్ లెక్కపెట్టాడు. తొమ్మిదే. కానీ మొహం చిట్లించాడు. "అందరూ బయటి దేశం వాళ్ళే. సౌదీ ఏడీ?"

"నేను లేనా?" అని రొమ్ము చరుచుకున్నాడు అబూ నాసర్. ఇన్‌స్పెక్టర్ మర్యాదగా సలాము చెప్పి, ఇంటివాళ్ళ క్షేమం అడిగి, మళ్ళీ లెక్కపెట్టాడు. తొమ్మిదే. సౌదీ లేని దుకాణమని ఎరుపు జాబితాలో రాశాడు. పనివాళ్ళిక కఫీల్ సంతకం లేకుండానే వేరేచోటికి మారొచ్చు, ఇంటికీ పోవచ్చు అన్నాడు.

పైసా ఏదని అబూ నాసర్ గొంతు పట్టుకుంటే, తోటలో విసిరేశానన్నాడు భోజన్న. మర్నాటి నుంచి నాగేందర్ ఎండలో తోటంతా తవ్వుతూనే ఉన్నాడు.

నాలుగో రోజు విదేశీయుల కాగితాలు చూసే జవాజాత్ ఆఫీసులో భోజన్న పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ పడింది. ఫిర్యాదు చేద్దామని వచ్చిన అబూ నాసర్ బెంచీ మీదే ఉన్నాడు. అతని టోకెన్ దాటి పై నంబర్లే పిలుస్తున్నారు. మాటిమాటికీ పర్సు తీసి కార్డు చూపిస్తున్నాడు. ఆ కార్డు వెనక చూసుకోమని ఒక్క మాట చెబితే చాలు. భోజన్న అతని ముందే నిలబడి ఊర్మిలకు ఫోన్ కలిపాడు.

"శుక్రారం పొద్దుగాల దవఖాన్ల ఉంట. డాక్టరుకు చెప్పు," అన్నాడు.