నోలీన్ పాత ఫ్రేము

శనివారం పొద్దున మెరిన్ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే గ్యారేజీలోంచి నోలీన్ నవ్వు వినిపించింది. ఇంట్లో తన మొగుడు గార్త్ అంత నవ్వించే మాట అనగా విని ఎన్నాళ్లయిందో మెరిన్‌కి గుర్తు రాలేదు.

వెళ్లి చూసింది. నోలీన్ కొత్త సైకిల్ స్టాండుకి బిగించి ఉంది. నల్లటి కార్బన్ ఫ్రేము. దానిమీద నోలీన్ ముందుకు వాలి, మోచేతులు కడ్డీలకు ఆనించి తొక్కుతోంది. గార్త్ నేలమీద మోకరిల్లి ఆమె మోకాలి దగ్గర టేపు పట్టుకుని ఉన్నాడు. ఈత, సైకిలు, పరుగు మూడూ కలిసిన పోటీలకు తయారయ్యే బస్సెల్‌టన్ ఊరి ట్రయథ్లాన్ క్లబ్బులో ఎవరు సైకిల్ కొన్నా గార్త్ గ్యారేజీకి రావలసిందే. సీటెంత ఎత్తుండాలో, చేతులెంత చాచాలో అతనే తేలుస్తాడు. అందరూ ఒక్కసారి వచ్చి వెళ్తారు. నోలీన్ రావడం ఇది నాలుగోసారి.

"నీ మొగుణ్ణి ఇంకో వారం అప్పివ్వవే మెరిన్. నడుం దగ్గర ఇంకా కుదరలేదు," అంది నోలీన్.

మెరిన్‌కీ ఫ్రేము కావాలి. పోయినేడు పోటీలో ఈత ముగించి సైకిలెక్కింది కానీ, గడువు దాటిపోయిందని దారిలోనే ఆపేశారు. సైకిల్‌తో సహా వ్యానులో వెనక్కి తెచ్చారు. ఈసారైనా గడువులోపు తొక్కి, పరుగు కూడా పూర్తి చేయాలి. ఆ ఊళ్లో గుట్టలు లేవు, ఉన్నదంతా గాలే. గాలికి ఎదురుగా తల వంచుకుని వాలి ఉండగలిగినవాళ్లదే రోడ్డు. ఆమె మామూలు సైకిల్ అందుకు పనికిరాదు. చక్రాలు, గేర్లు పాతవే వాడుకుని ఫ్రేము ఒక్కటి మార్చుకుంటే చాలు. అదీ ఎవరో వాడి అమ్ముతున్నదే. స్కూలు క్యాంటీన్‌లో ఆమెకొచ్చే జీతానికి అంతకన్నా రాదు.

నోలీన్ పాత ఫ్రేము తీసుకోమన్నాడు గార్త్. ఇద్దరిదీ ఒకే ఎత్తు, చవగ్గా ఇస్తానంటోంది, ఇంకేం చూడాలన్నాడు.

"మరి నాకు కొలతలు తియ్యవా?"

"నీ కొలతలు నాకు తెలియకపోవడమేంటి?" అని నవ్వాడు.

"తీసుకోవే. దానిమీద ఎన్ని పతకాలు కొట్టానో. ఎటెళ్లాలో దానికే తెలుసు, నువ్వూరికే కూర్చుంటే చాలు," అంది నోలీన్.

ఆ మాట వారమంతా మెరిన్‌ని వదల్లేదు. నోలీన్ విడిచిన బట్ట తను కట్టుకోవాలి. నోలీన్‌కేమో కొత్తది, దాంతోపాటు గార్త్ శనివారాలు.

దగ్గర్లోని బన్‌బరీ ఊళ్లో ఒకాయన నోలీన్ కొన్న రకం ఫ్రేమే అమ్ముతున్నాడని తెలిసి, గార్త్‌తో చెప్పకుండా వెళ్లింది. అక్కడక్కడా గీతలున్నాయి కాబట్టి ధర తగ్గించాడు. మెరిన్ తన అక్కను చూడ్డానికి వెళ్లాలని దాచుకున్నది కలిపితే సరిపోయింది. ఆ ఫ్రేము ఇంకా ఆయన సైకిల్‌కే ఉంది, ఒకసారి ఎక్కి కూర్చుని చూడమన్నాడు. వాలితే భుజాలు లాగాయి. కొత్త కదా, అలవాటవుతుందిలే అనుకుంది. ఆమె కళ్ల ముందున్నది నోలీన్ మొహం.

గార్త్ దానికి ఆమె పాత చక్రాలు బిగించి ఇచ్చాడు. మర్నాడు డన్స్‌బరో వైపు గాలికి ఎదురుగా బయల్దేరింది. ఊరు దాటకముందే మెడ పట్టేసింది. ఎన్నిసార్లు వాలినా కాసేపటికే లేచి కూర్చోవలసి వచ్చేది. లేచిన ప్రతిసారీ గాలి గుండెలమీద చెయ్యి పెట్టి వెనక్కి నెట్టింది. సగం దారిలో సైకిల్ దిగింది. ఇలాగైతే ఈ ఏడూ వ్యానే.

ఇంటికొచ్చి తిన్నగా గ్యారేజీలోకి వెళ్లి, సైకిల్ స్టాండుకి తనే బిగించుకుని ఎక్కి కూర్చుంది.

"టేపు తియ్యి," అంది.

గార్త్ కొలిచాడు. నుదురు ముడిచి మళ్లీ కొలిచాడు.

"నీ పొడుగంతా కాళ్లలోనే ఉంది. నడుం పైన బాగా పొట్టి," అన్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. ఇదొక్కటే కాదు, నోలీన్ పాతది తీసుకున్నా ఇంతే అయ్యేదట. రెండూ పొడుగు మొండెం ఉన్నవాళ్లకే పనికొస్తాయట.

"ఇన్నేళ్లుగా చూస్తున్నావుగా నన్ను."

"చూస్తూనే ఉన్నాను. కొలవలేదు."

మెరిన్ నల్ల ఫ్రేము అమ్మేసింది. కొన్నవాడు ఆమె పెట్టిన ధరలో కొంత తగ్గించే ఇచ్చాడు. వచ్చినదాంతో గార్త్ ఎక్కడో వెతికి అల్యూమినియం ఫ్రేము ఒకటి పట్టుకొచ్చాడు. పొట్టిది, ముందువైపు ఎత్తు ఎక్కువ, రంగు కమలాపండుది. ఆ రంగు చూసే ఎవరూ కొనలేదట. రెండు శనివారాలు మెరిన్‌ని స్టాండు మీద కూర్చోబెట్టి సరిచేశాడు. ఆ రెండు వారాలూ నోలీన్‌ని తర్వాత రమ్మన్నాడు. మెరిన్ కావాలనే నిదానంగా తొక్కింది.

పోటీరోజు గాలి బాగా వీచింది. ముక్కు కింద రోడ్డు తప్ప ఇంకేమీ చూడకుండా తొక్కింది. సైకిల్ దిగే చోట గడియారం వైపు చూస్తే గడువుకింకా చాలా సమయముంది. ఎవరూ ఆపలేదు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

బూట్లు మార్చుకుంటుంటే కంచె అవతల నుంచి గార్త్ ఆమె పేరు పెట్టి అరిచాడు. బోడితల ఎండకు ఎర్రబడిపోయింది. అప్పుడే అటుగా నోలీన్ పరిగెత్తుతూ వెళ్లింది. ఆమె తలమీద గార్త్ టోపీ ఉంది.

ఆ టోపీ సంగతి ఇంటికెళ్లాక తేల్చుకోవచ్చు. మెరిన్ లేస్ గట్టిగా ముడేసుకుని, నోలీన్ వెళ్లిన వైపే పరుగు మొదలుపెట్టింది.